పాత మోటారుసైకిలు – ఇంటివద్ద మరమ్మతు

తుపాను వేళ బస్సులు నిలిచిపోయినప్పుడు వైద్యునికి కబురు పంపుటకు గ్రామమునకు మోటారుసైకిలే దిక్కు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపమున తీరము దాటినది. ఇట్టి ప్రాంతమున పాత బండిని బాగుచేసికొను విధము తెలిసియుండుట మేలు. 1955లో మద్రాసున నెలకొన్న ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి పాత బుల్లెట్టును ఉదాహరణముగా తీసికొందుము.

ఇంజను స్టార్టు కానిచో ఈ వరుసలో పరీక్షింపవలెను.

1. పెట్రోలు: కార్బురేటరు వద్ద గొట్టము ఊడదీసి, కుళాయి తెరచి పాత్రలో పట్టవలెను. ధార రానిచో ట్యాంకుమూతలోని గాలిరంధ్రమును, కుళాయి జల్లెడను శుభ్రపరుపవలెను. పిదప కుళాయి కట్టి, పాత్రను దూరముగా తొలగింపవలెను.

2. నిప్పురవ్వ: ప్లగ్గు విప్పి, దాని టోపీలోనే ఉంచి, లోహభాగమును ఇంజనుకు ఆనించి, తాళము తిప్పి కిక్కు కొట్టవలెను. నీలిరవ్వ కనబడనిచో పాయింట్లను చూడవలెను. నల్లబడినచో సన్నని గరుకుకాగితముతో రుద్దవలెను. పూర్తిగా తెరచుకొన్నప్పుడు వాని ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండవలెను.

3. ఒత్తిడి: ప్లగ్గు బిగించిన పిదప కూడ కిక్కు తేలికగా దిగిపోయినచో మెకానికునకు చూపవలెను.

నీట మునిగిన బండిని మాత్రము వెంటనే కిక్కు కొట్టరాదు. సిలిండరులో నీరున్నచో కనెక్టింగు రాడ్డు వంగును. ముందు ప్లగ్గు తీసి, కిక్కును చేతితో మెల్లగా అదిమి నీరు వెడలింపవలెను. ఇంజనులోను, గేరుపెట్టెలోను నూనె మార్చి, ట్యాంకులోని పెట్రోలు తీసివేయవలెను.

పంచాయతీ సభ్యులు తుపానుల కాలమునకు ముందే ప్లగ్గుపానా, ప్లగ్గు, పాయింట్లు సమకూర్చి, ఇరువురు యువకులకు ఈ పని నేర్పింపవలెనని మా విన్నపము.