ఛార్జర్ ఆపి చూడు

బాపులపాడు

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ అమ్మ వచ్చినప్పుడు నువ్వు సబ్‌స్టేషన్ నుంచి పెట్టిన మెసేజ్ చదివి వినిపించింది. "గాలివానకి లైను తెగింది. మా పాత ఆయిల్ బ్రేకర్ పడలేదు, పైన 33 కె.వి. బ్రేకర్ పడింది. కాసేపాగి మళ్ళీ ఛార్జ్ చేశాం, ఏమీ కాలేదు" అని రాశావట. మీ అమ్మకి ఆ చివరి మాటే చెవిన పడింది, నిశ్చింతగా కాఫీ తాగింది. నాకు మాత్రం ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. ఫోన్లో చెబితే "సరే తాతయ్యా" అని పెట్టేస్తావు. అందుకని కాగితం మీద రాస్తున్నా, నిదానంగా చదువు.

ఫాల్టు రాగానే పడి కరెంటు ఆపాల్సిన బ్రేకర్ పడకపోతే ఏమీ కాలేదని ఎలా అంటావు నాయనా? పైది పడేదాకా ఆ ఫాల్టు కరెంటంతా మీ ట్రాన్స్‌ఫార్మర్ మోసింది. పైది కూడా మొరాయించి ఉంటే? ఆ టైములో నువ్వు ప్యానెల్ ముందు నిలబడి ఉంటే? ముందు ఒక సంగతి చెప్పు. ఫాల్టు పసిగట్టే రిలే ఫ్లాగ్ పడిందా? పడితే రిలే తన పని తాను చేసినట్టే, తప్పు ట్రిప్ కాయిల్లోనో మెకానిజంలోనో వెతకాలి. ఫ్లాగ్ కూడా పడలేదంటే నా అనుమానం మొదట బ్యాటరీ మీదికే పోతుంది, ట్రిప్‌కి డి.సి. ఇచ్చేది అదే కదా.

నాకు బ్యాటరీ పిచ్చి అని మీ అమ్మమ్మ అంటుంది. అననీ. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో ఏం జరిగిందో నీకు తెలుసు. ఆరు యూనిట్లు, 900 మెగావాట్లు, అంతా భూగర్భంలో. ఆ రాత్రి అక్కడ బ్యాటరీలు మార్చే పని నడుస్తోంది. డి.సి. పోయింది, తెగాల్సిన బ్రేకర్లు తెగలేదని ఆ రోజుల్లో పేపర్లు రాశాయి. తొమ్మిది మంది పైకి రాలేదు. వాళ్ళలో నీ ఈడు ఇంజనీర్లున్నారు, బ్యాటరీల పని మీద వచ్చిన కుర్రాళ్ళున్నారు. అప్పుడు నువ్వింకా కాలేజీలో ఉన్నావు. పేపర్లో వాళ్ళ ఫొటోలు చూసి మీ అమ్మమ్మ "మనవాడికి ఈ కరెంటు ఉద్యోగం వద్దండీ" అంది. నేనే సర్దిచెప్పాను. కాబట్టి నీ క్షేమానికి పూచీ నాదే.

నా బ్యాటరీ పిచ్చి పాతదే. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత లైన్లు బాగుచెయ్యడానికి మమ్మల్ని అటు పంపారు. స్తంభాలన్నీ నేలకొరిగాయి, ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుపోయింది. గుడ్డలు తడిపి ఒక్కొక్కటీ తుడిచేవాళ్ళం. అన్నం పొట్లాలు వస్తే తినేవాళ్ళం, రాకపోతే లేదు. ఎక్కడా కరెంటు లేని ఆ రోజుల్లో కూడా మా ఫోర్‌మన్ పొద్దున్నే లేచి బ్యాటరీ సెల్లుల్లో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకునేవాడు. వేరే ఊరినుంచి వచ్చిన వాళ్ళు వింతగా చూసేవాళ్ళు. నాకు ఆ అలవాటు ఆయన దగ్గరే అబ్బింది.

తర్వాత రెండు మూడేళ్ళకి నన్నొక చిన్న సబ్‌స్టేషన్‌కి వేశారు. వేసవిలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. మామిడి కొమ్మ విరిగి లెవెన్ కె.వి. తీగ మీద పడి, తీగ తెగి తోటలో పడింది. బ్రేకర్ కదల్లేదు. తీగ గడ్డిలో చిటపటలాడుతూనే ఉంది. అటుగా వస్తున్న బండి ఎడ్లు రెండూ కూలిపోయాయి. బండివాడు దూకేశాడు కనుక బతికాడు. మర్నాడు బ్యాటరీ గదిలో చూస్తే వోల్ట్‌మీటర్ నిండుగానే చూపిస్తోంది. ఒక్కో సెల్లూ తడుముకుంటూ వెళితే మూలనున్న దాన్ని పక్కదానితో కలిపే లింకు కింద చిలుము దొరికింది. పైకి పూత బాగానే ఉంది. బోల్టు విప్పి లింకు పైకెత్తితే అడుగున పచ్చగా, పొడిపొడిగా, ఇంత మందాన. చాకుతో గీకితే గానీ సీసం కనపడలేదు.

ఇక్కడ జాగ్రత్తగా విను. మీటర్ చూపించేది బ్యాటరీ ఆరోగ్యం కాదు, ఛార్జర్ ఇస్తున్న వోల్టేజి. పెద్ద స్టేషన్లలో 220 వోల్టుల బ్యాటరీ అంటే రెండేసి వోల్టుల సెల్లులు 110, అన్నీ ఒకే వరసలో. వాటిలో ఒక్క లింకు పోతే మొత్తం పోయినట్టే. ఛార్జర్ ఉన్నంతసేపూ ఆ సంగతి బయటపడదు. ఫాల్టు దగ్గర్లో వచ్చినప్పుడు మన స్టేషన్ ఏ.సి. కూడా కుంగుతుంది, దాంతోపాటే ఛార్జరూ చేతులెత్తేస్తుంది. బ్యాటరీ ఒక్కటే మొయ్యాల్సిన క్షణం అదే. కాబట్టి ఛార్జర్ ఆపి, బ్యాటరీ ఒక్కదానితోనే బ్రేకర్ ట్రిప్ అవుతుందో లేదో చూడాలి. ఇష్టమొచ్చినప్పుడు కాదు. పర్మిషన్ తీసుకుని, ఆ ఫీడర్ లోడు తీసేసి, మీ ఏ.ఇ. ఎదురుగా. ట్రిప్ కొట్టేటప్పుడు సెల్ వోల్టేజి ఎంతకి దిగిందో రాసుకో. సెల్లుల్లో యాసిడ్ గ్రావిటీ రీడింగులు ఎదురుగా చూసి రాయి, నిన్నటి అంకెలే ఎక్కించకు.

బ్యాటరీ గదిలోకి వెళ్ళేటప్పుడు మీ అమ్మమ్మ చేయించిన వెండి కడియం తీసెయ్. అది రెండు టెర్మినళ్ళకీ తగిలిందంటే మణికట్టు కాలిపోతుంది. ఆమె ఏమీ అనుకోదు, నేను చెప్పాను. కిటికీ తెరిచి ఉంచు, లేకపోతే హైడ్రోజన్ చేరుతుంది. ఆ గదిలో ఎవరినీ బీడీ వెలిగించనివ్వకు.

ఇక ఆయిల్ సంగతి. బ్రేకర్ తెగిన ప్రతిసారీ లోపల ఆర్క్‌కి ఆయిల్ విడిపోయి హైడ్రోజన్, ఎసిటిలీన్ పుడతాయి, మసి మిగులుతుంది. లోడు తెగితే కొంచెం, ఫాల్టు తెగితే చాలా. మసి పట్టి, తేమ పీల్చిన ఆయిల్ ఆర్క్‌ని ఆర్పలేదు. అప్పుడు ఒత్తిడి పెరిగి ట్యాంకు పగులుతుంది, తుంపరలుగా చిమ్మిన ఆయిల్ భగ్గుమంటుంది. మా రోజుల్లో రెండున్నర మిల్లీమీటర్ల సందులో 30 కిలోవోల్టులు తట్టుకుంటేనే ఆ ఆయిల్ పనికొస్తుందనేవాళ్ళం. మీది ఎప్పుడు టెస్ట్ చేశారో రిజిస్టర్ తిరగెయ్.

ఇది మామిడికాయ కోతల కాలం. సాయంత్రమైతే గాలి, గాలికి కొమ్మలు, కొమ్మలకి ఫాల్టులు. ఐసు ఫ్యాక్టరీవాళ్ళు ఫోన్ చేస్తారు, ఊళ్ళోవాళ్ళు ఫోన్ చేస్తారు, నాయకులు కూడా చేస్తారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. అయినా లైను నడిచి చూడకుండా మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చెయ్యకు. ఫాల్టు మీద మూయడమే పాత ఆయిల్ బ్రేకర్‌కి అన్నిటికంటే గండం. పడకుండా మొండికేసిన బ్రేకర్ దగ్గరికి పరుగెత్తి చేత్తో ట్రిప్ కొట్టాలని చూడకు. పైనుంచి తీయించు, బయటికి వచ్చెయ్. మీరు మళ్ళీ ఛార్జ్ చేశామన్నది ఆ బ్రేకర్‌తోనేనా? తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

పెద్ద దేశాలకీ ఈ నిర్లక్ష్యం తప్పలేదు. 2025 మార్చి 20 రాత్రి లండన్ దగ్గర నార్త్ హైడ్ సబ్‌స్టేషన్లో 275 కె.వి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, మర్నాడు హీత్రూ విమానాశ్రయం మూతపడింది. దాని బుషింగ్‌లో తేమ చేరిందని 2018 జులైలో తీసిన ఆయిల్ శాంపిలే చెప్పిందని విచారణలో తేలింది. ఏళ్ళ తరబడి ఆ కాగితం మీద చర్య లేదు. అందుకే నువ్వు చూసింది నోటితో చెప్పి ఊరుకోకు. రాసి ఇవ్వు, తేదీ వేయి, కాపీ దాచుకో.

గ్రీజు గట్టిపడ్డ మెకానిజం, బల్లులు దూరే కేబుల్ కన్నాలు, ప్యానెల్లో జుయ్యిమనే చప్పుడు, వాటి గురించి మరోసారి రాస్తాను. చెయ్యి నొప్పెడుతోంది.

వేళకి తింటున్నావా? పోయినసారి చిక్కిపోయి కనిపించావు. చిన్నరసాలు ముగ్గుతున్నాయి. గడ్డిలో పేర్చి బుట్ట కట్టించి, హనుమాన్ జంక్షన్లో బస్సెక్కిస్తాను. మీ ఆపరేటర్లకి, లైన్‌మ్యాన్లకి కూడా పంచు. నైట్ డ్యూటీలో ఒంటరిగా ఏ పనీ పెట్టుకోకు. ఎల్.సి. (లైన్ క్లియర్) తీసుకోకుండా, రెండు వైపులా ఎర్త్ వెయ్యకుండా, ఎంత తొందరున్నా తీగ ముట్టకు, ఎవరినీ ముట్టనివ్వకు.

ఈ వారంలోనే ఛార్జర్ ఆపి పరీక్ష పెట్టించు. అది అయ్యేదాకా ఆ బ్రేకర్‌ని సర్వీసులో ఉంచొద్దని మీ ఏ.ఇ.కి రాసి ఇవ్వు. నీ ఉత్తరంలో ఫ్లాగ్ సంగతి, సెల్ రీడింగులు, ఆయిల్ టెస్ట్ తేదీ, మూడూ ఉండాలి. ఎదురుచూస్తుంటాను.

ఇట్లు
మీ తాతయ్య