పిట్టలు తిరిగి వెళ్ళే వేళ



మార్చి, ఏప్రిల్ నెలలు వస్తే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఎవరి హడావుడి వారిది. పిల్లలకు పరీక్షలు, పలాస వైపు వారికి జీడితోటల పని, విచారణలలో తపస్సుకాలపు ప్రార్థనలు. ఇదే రోజులలో మన తలల మీద మరొక పెద్ద కదలిక జరుగుతూ ఉంటుంది. చలికాలమంతా మన చెరువులలో, పొలాలలో, ఉప్పు మళ్ళలో గడిపిన పక్షులు ఉత్తర దిక్కుకు తిరుగు ప్రయాణం కడతాయి. ఎక్కువ భాగం రాత్రివేళ, చప్పుడు లేకుండా వెళ్ళిపోతాయి. మనలో చాలామంది వాటి రాకనూ చూడలేదు, పోకనూ చూడలేదు. ఈ వారం ఆ పక్షులను గూర్చి కొంచెం నేర్చుకుందాం.

జ్ఞానులకు కూడా అంతుబట్టని విషయం

కొన్ని పక్షులు చలికాలంలో కనబడకుండా పోతాయని మనిషికి ప్రాచీన కాలం నుంచీ తెలుసు. ఎక్కడికి పోతాయో తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. తర్కశాస్త్రానికి పితామహుడని మనం సెమినరీలో చదువుకున్న అరిస్టాటిల్ అంతటివాడు కూడా స్వాలో పిట్టలు చలికాలంలో తొర్రలలో దాక్కుంటాయని, ఒక జాతి పిట్ట కాలం మారగానే మరొక జాతిగా మారిపోతుందని వ్రాశాడు. కొన్ని పక్షులు వలస పోతాయని ఆయనకు తెలుసు. అన్ని పిట్టల విషయంలో మాత్రం సరిగా చెప్పలేకపోయాడు.

1822లో జర్మనీలోని క్లుట్జ్ అనే ఊరి దగ్గర ఒక తెల్లకొంగ దొరికింది. దాని మెడలో ఒక బల్లెం గుచ్చుకొని ఉంది. ఆ కర్ర మధ్య ఆఫ్రికాకు చెందినదని తేలింది. ఆ గాయంతోనే అది ఖండాలు దాటి తన గూటికి వచ్చింది! ఆ కొంగను నేటికీ రోస్టాక్ విశ్వవిద్యాలయంలో భద్రపరచి ఉంచారు. తరువాత 1899లో డెన్మార్క్ దేశపు ఉపాధ్యాయుడు మోర్టెన్‌సెన్ గోరింకల కాళ్ళకు అంకెలు వేసిన చిన్న రేకు ఉంగరాలు తొడిగి వదిలాడు. వలస పక్షుల శాస్త్రం ఆ పద్ధతి మీద పెరిగింది. ఇప్పుడు ఉపగ్రహం ద్వారా సంకేతాలు పంపే పరికరాలను పక్షి వీపు మీదనే అమరుస్తున్నారు. 2022లో అలాస్కాలో పుట్టిన అయిదు నెలల గాడ్‌విట్ అనే నీటిపక్షి ఎక్కడా వాలకుండా, తిండి, నీరు లేకుండా పదకొండు రోజులలో సుమారు 13,560 కిలోమీటర్లు ఎగిరి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు చేరిందని ఇటువంటి పరికరమే చెప్పింది.

ఇది ఎలా సాధ్యం? ప్రయాణానికి ముందు కొన్ని వారాల పాటు పక్షి విపరీతంగా తిని కొవ్వు కూడబెట్టుకుంటుంది. కొన్ని జాతులు ఆ సమయంలో దాదాపు రెట్టింపు బరువుకు చేరుకుంటాయి. దారి తెలుసుకోవడానికి సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత శక్తి సాయపడతాయి. పగటి నిడివి పెరగడమే బయలుదేరమని వాటికి అందే కబురు. కనుక మార్చి నెలలో పక్షి కడుపునిండా తినడం దానికి బ్రతుకు సమస్య. ఆ నెలలో చెరువు పూడ్చివేస్తే, పొదలు తగలబెడితే, దారి బత్తెం లేకుండా ప్రయాణికుణ్ణి వీధిలోకి నెట్టినట్టే.

ఇవి సైబీరియా చుట్టాలేనా?

మన జిల్లాలో పక్షులనగానే అందరికీ గుర్తు వచ్చేవి రెండు ఊళ్ళు. ఒకటి టెక్కలి దగ్గరి తేలినీలాపురం. రెండవది ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి. తేలినీలాపురానికి సుమారు సెప్టెంబరు, అక్టోబరు నెలల నుంచి గూడబాతులు, అంటే పెలికాన్లు, రంగుల కొంగలు వచ్చి, ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదిరే లోగా వెళ్ళిపోతాయి. తేలుకుంచికి తొలకరి రోజులలో నత్తగుల్ల కొంగలు వస్తాయి. ఈ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పొలాలలోని నత్తలను తినడం దాని ముఖ్యమైన పని. ఈ పక్షులు వస్తే వానలు బాగుంటాయని, పంట బాగుంటుందని ఆ ఊళ్ళవారి నమ్మకం. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులని వారు వాటిని చెప్పుకుంటారు. రెట్టల కంపు భరిస్తారు గాని రాయి వేయరు, వేయనివ్వరు.

ఈ పక్షులన్నీ సైబీరియా నుంచి వస్తాయని మనం వింటూ ఉంటాం. కాస్త తర్కించి చూడండి. పక్షి ఎక్కడ గూడు కట్టి పిల్లలను లేపుతుందో అదే దాని స్వస్థలం. సైబీరియా నుంచి చలికి తాళలేక వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. తిండి తిని, వసంతంలో తిరిగి వెళ్ళి తన దేశంలోనే గుడ్లు పెడుతుంది. తేలినీలాపురం పెలికాన్లు ఇక్కడే గుడ్లు పెడుతున్నాయి. కనుక అవి సైబీరియావి కావు. ఈ మచ్చల ముక్కు పెలికాను దక్షిణాసియాకు, దాని పొరుగు దేశాలకు చెందిన పక్షి. రంగుల కొంగ, నత్తగుల్ల కొంగ కూడా ఇటువంటివే. నీళ్ళు, చేపలు ఉన్న చోటును బట్టి మన దేశంలోనే ఒక తావు నుంచి మరొక తావుకు తిరుగుతాయి. ఊరివారు ఆడపడుచులని అనడమే శాస్త్రానికి దగ్గరగా ఉంది!

నిజంగా ఉత్తరాది దేశాల నుంచి వచ్చే చుట్టాలు వేరే ఉన్నాయి. నౌపడ ఉప్పు మళ్ళలో, తంపరలో బురదను పొడుచుకుంటూ తిరిగే చిన్న ఉల్లంకి పిట్టలు, సూదితోక బాతులు, ఎప్పుడూ తోక ఆడిస్తూ నడిచే వాగ్‌టెయిల్ పిట్టలు ఆ కోవకు చెందినవి. వసంతంలో వెళ్ళిపోయేవి ఇవే.

పార్కులో, ప్రాంగణంలో ఏమి చూడవచ్చు?

వీటిని చూడడానికి అడవికి పోనక్కరలేదు. విజయనగరం పెద్దచెరువు గట్టు, అయ్యకోనేరు, శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు, మీ కాలనీ పార్కు, గుడి ఆవరణలోని చెట్లు చాలు. తెల్లవారు జామున అయిదున్నర నుంచి ఏడున్నర వరకు మంచి సమయం. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. గట్టిగా మాట్లాడకండి. పది నిమిషాలు కదలకుండా ఉంటే పక్షులే మిమ్మల్ని మరచిపోయి బయటికి వస్తాయి.

మొదట కరెంటు తీగలను చూడండి. వంకీ తోకతో, నీలి నలుపు వీపుతో వరుసగా కూర్చున్న చిన్న పిట్టలు కనబడితే అవి స్వాలోలు. రోజురోజుకూ లెక్కించండి. ఒక ఉదయం తీగ ఖాళీగా ఉంటుంది. ఆ తేదీ వ్రాసి పెట్టుకోండి. తరువాత గడ్డి మీద వాగ్‌టెయిల్ పిట్టలను చూడండి. చలికాలంలో వెలవెలబోయి కనిపించిన పసుపు వాగ్‌టెయిల్ మార్చి చివరికి నిండు పసుపు రంగు తొడుక్కుంటుంది. అది దాని పెళ్ళిబట్ట. ఇక వెళ్ళబోతున్నదని దానర్థం.

ఇక ఈ వసంతంలో తప్పక వెదకవలసిన పక్షి పొన్నంకి పిట్ట. చలికాలం దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపి, ఏప్రిల్, మే నెలలలో ఉత్తరాది అడవులకు, హిమాలయాల దిగువకు గూడు కట్టడానికి వెళుతుంది. దారిలో అలసిపోయి పట్టణాల తోటలలో, పెరళ్ళలో దిగుతుంది. ఆకుపచ్చ వీపు, నీలి రెక్కమచ్చ, గంధపు రంగు రొమ్ము, పొట్ట కింద ఎరుపు, కంటి మీదుగా నల్లటి పట్టీ, పొట్టి తోక. హిందీవారు దీనిని నవరంగ్ అంటారు. తెల్లవారుజామున, సాయంత్రం ఆరు గంటల వేళ కూస్తుందని తమిళులు ఆరుమణి కురువి అని పిలుస్తారు. చెట్టు మీద వెదికితే దొరకదు, రాలిన ఆకుల మధ్య నేల మీద గెంతుతూ పురుగులు ఏరుకుంటుంది. మనకు ఇంకొక ముచ్చట. ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త అయినా ఈ జాతిని పిట్టా అనే పిలుస్తాడు. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టిన ఆ పేరు మన తెలుగు పిట్ట నుంచి వచ్చినదే.

ఆవరణ శుభ్రం చేయడమంటే ఎండుటాకులన్నీ ఊడ్చి తగలబెట్టడమే అనుకుంటాం. ఒక మూల ఆకులు అలాగే వదిలితే పొన్నంకి పిట్టకు అది పూటకూళ్ళ ఇల్లు.

మందసం మీది పక్షి

గూడబాతును గూర్చి కతోలిక కుటుంబాలకు ఒక మాట చెప్పాలి. పాత దేవాలయాలలో కొన్నిచోట్ల మందసం మీద, పీఠం మీద, పూజావస్త్రాల మీద తన రొమ్మును చీల్చుకొని ఆ రక్తంతో పిల్లలను పోషించే పక్షి బొమ్మ ఉంటుంది. అది పెలికాను. పునీత తోమాసు అక్వినాసు వారిదిగా చెప్పే సత్ప్రసాద స్తుతిగీతంలో కూడా క్రీస్తునాథునికి ఈ పక్షితో పోలిక ఉంది.

నిజానికి ఏ పెలికానూ తన రొమ్మును చీల్చుకోదు. ముక్కు కింది సంచిలోని చేపలను బయటికి తేవడానికి అది ముక్కును రొమ్ముకు అదిమి పెడుతుంది. పిల్లలు దాని గొంతులోకి తల దూర్చి తింటాయి. దూరం నుంచి చూసినవారికి అది గాయంలా తోచి ఉండవచ్చు. కథ నిజం కాకపోతే గుర్తుకు విలువ పోతుందా? పోదు. తాను తిన్నది కక్కి బిడ్డకు పెట్టే తల్లి అక్కడ నిజంగానే ఉంది. ఆ గుర్తును రాతిలో మాత్రమే చూసిన దేశాలు ఉన్నాయి. మనకైతే టెక్కలి బస్సు ఎక్కితే ప్రాణంతో కనబడుతుంది.

ఆ ప్రాణానికి ఆపద కూడా ఉంది. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలలలో తేలినీలాపురంలో వందకు పైగా పెలికాన్లు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులో చేరిన పరాన్నజీవి పురుగులే కారణమని అనుమానించారు. చెరువు నీరు చెడితే చేప చెడుతుంది, చేప చెడితే పక్షి కూలుతుంది. అదే నీరు, అదే చేప మన ఇళ్ళకూ వస్తుంది. నీటి నేలల విలువ మన జిల్లాకు తెలియనిది కాదు. 2010లో సోంపేట బీల కోసం, 2011లో కాకరాపల్లి తంపర కోసం థర్మల్ కేంద్రాలు వద్దని రైతులు, మత్స్యకారులు నిలబడ్డారు. ప్రాణాలు కూడా పోయాయి.

వలస అనే ఒకే మాట

తెలుగులో పక్షికీ, మనిషికీ వలస అనేది ఒకటే మాట. మన విచారణలలో ఆ మాట అర్థం కాని ఇల్లు అరుదు. తాపీపనికి హైదరాబాదు, విశాఖ వెళ్ళినవారు, వేటకు గుజరాత్ తీరంలోని వేరావల్ వెళ్ళినవారు ఎందరో. 2020 వసంతంలో కరోనా వల్ల వేలమంది మన మత్స్యకారులు వేరావల్‌లో పడవల మీదనే చిక్కుకుపోయి, ఏప్రిల్ చివరికి గాని బస్సులలో ఇంటికి బయలుదేరడం మొదలుకాలేదు. పక్షి తన కాలం వస్తే ఏ అనుమతీ అడగకుండా బయలుదేరుతుంది. మన బిడ్డలకు ఆపాటి స్వేచ్ఛ కూడా లేకపోయింది. పోలిక ఇంతవరకే. పక్షిది ప్రకృతి నియమం. మనిషి వలసకు చాలాసార్లు ఊరిలో పని లేకపోవడమే కారణం. దానిని ప్రకృతి అని సరిపెట్టుకోరాదు.

యిర్మీయా ప్రవక్త ఎనిమిదవ అధ్యాయంలో కొంగను, గువ్వను, స్వాలోను, కొక్కెరను చూపించి, తమ రాకపోకల వేళ అవి ఎరుగుదురని, ప్రజలు మాత్రం ప్రభువు విధిని ఎరుగరని వాపోతాడు. ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయంలో ఒక చిన్న చట్టం ఉంది. గూటిలో గుడ్ల మీదనో, పిల్లల మీదనో కూర్చున్న తల్లి పక్షిని పట్టుకోరాదు, దానిని విడిచిపెట్టాలి. రేపటి తరం మిగలాలనే నియమం అది. ఆ నియమాన్ని బైబిలు చదవకుండానే పాటిస్తున్న ఊరు తేలినీలాపురం. చదివిన మనం ఏం చేస్తున్నాం?

నాగాలాండ్‌లో 2012లో అమూర్ డేగలను వలలు పన్ని లెక్కలేనన్ని చంపుతున్నారని లోకమంతా గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడాదే పాంగ్టీ మొదలైన ఊళ్ళు వేట మానుకున్నాయి. ఊరి పెద్దలు, అక్కడి క్రైస్తవ సంఘాలు, యువకులు కలిసి చేసిన పని అది. ఒక్క ఏడాదిలో మార్పు సాధ్యమే.

ఈ వారం ఇంటి పని

1. మట్టి మూకుడులో నీళ్ళు పోసి నీడపట్టున పెట్టండి. రోజూ కడిగి మార్చండి. పిల్లి దూకలేని చోటు చూసుకోండి.
2. ఒక నోటుపుస్తకంలో తేదీ, సమయం, చోటు, పక్షి, ఎన్ని అనే అయిదు గళ్ళు గీయించి పిల్లల చేత వ్రాయించండి. సెల్‌ఫోను ఉన్నవారు ఈ-బర్డ్ అనే ఉచిత యాప్‌లో ఆ లెక్క చేర్చవచ్చు.
3. అద్దానికి గుద్దుకొని పడిన పక్షి కనబడితే చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకటిగా ఉంచండి. నోట్లో నీళ్ళు పోయకండి. తేరుకుంటే వదలండి, లేకపోతే అటవీశాఖవారికి తెలియజేయండి.
4. అడవి పిట్టల మాంసం కొనకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. కొనేవాడు లేనిచోట వల వేసేవాడు ఉండడు.
5. పక్షుల ఊళ్ళకు వెళితే మైకులు, టపాకాయలు వద్దు. గూటి చెట్టు కిందికి పోకండి. బెదిరిన తల్లి లేస్తే పిల్ల కింద పడుతుంది.

కుటుంబ ప్రార్థన తరువాత మాట్లాడుకొనుటకు

మన ఊరిలో గత ఇరవై ఏళ్ళలో కనబడకుండా పోయిన పక్షి ఏది? తాతయ్యను, నాయనమ్మను అడగండి. అది ఉన్న చెరువో, చెట్టో ఇప్పుడు ఏమైంది? మన ఇంటి నుంచి వలస పోయినవారిని అక్కడి వారు ఎలా చూడాలని కోరుకుంటాం? మన ఊరికి పనికోసం వచ్చిన ఒడిశా కూలీని మనం అలా చూస్తున్నామా?

ఈ ప్రశ్నలకు జవాబు దొరికే లోగా ఒక ఉదయం అందరూ కలిసి చెరువు గట్టుకు వెళ్ళి రండి. వెళ్ళే పక్షులు ఇంకా కొన్ని ఉన్నాయి.