చక్రం – ఇరుసు

పాఠ్యభాగ ఉద్దేశం

యంత్రాలతో నిత్యం మెలిగే నేటి యువతకు వాటి నిర్మాణాన్ని గురించిన ప్రాథమిక పరిజ్ఞానం అవసరం. విడిభాగాలు మార్చిన తరువాత మోటారు సైకిలు వెనుక చక్రాన్ని తిరిగి అమర్చే విధానాన్ని వివరించి, పనిలో క్రమమూ శ్రద్ధా ప్రాణరక్షణకు ఎలా తోడ్పడతాయో తెలియజేయటం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక యువకుడు రాత్రివేళ తన మోటారు సైకిలు వెనుక చక్రాన్ని విప్పి, అరిగిపోయిన బ్రేకు షూలను తానే మార్చాడు. తెల్లవారితే ఇంటర్ పరీక్ష రాయవలసిన చెల్లెలిని ఆ బండిమీదే పట్నానికి తీసుకొనిపోవాలి. ఉదయం ప్రయాణానికి సిద్ధమవుతుండగా, ఒకప్పుడు ఎడ్లబండ్లు చేసిన వడ్రంగి అయిన తాతకు అరుగుమీద వేలెడు పొడవు కూడా లేని ఇనుప గొట్టం ఒకటి కనిపించింది.

“ఇదెక్కడిదిరా?” అని అడిగాడు తాత.

“ఏమో తాతయ్యా, మిగిలిపోయింది. చక్రం మాత్రం బాగానే తిరుగుతున్నది.”

“బండిలో ఏదీ మిగలదురా. ఒకటి మిగిలిందంటే లోపల ఒకటి తక్కువైందన్నమాట.”

అన్నాచెల్లెళ్లు ఆనాడు బస్సులో వెళ్లారు. సాయంత్రం ఆ యువకుడు చక్రాన్ని మళ్లీ విప్పాడు. తాత మాట యంత్రశాస్త్రరీత్యా ఎంత సత్యమో అతనికి అప్పుడు బోధపడింది.

ఎడ్లబండికైనా మోటారు సైకిలుకైనా చక్రానికి ఆధారం ఇరుసే. 1885లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ జర్మనీలో నిర్మించిన తొలి మోటారు ద్విచక్ర వాహనానికి ఉన్నవి కూడా కర్ర చక్రాలే. అంతకు ముందే, 1880లో, హాన్స్ రెనాల్డ్ ఇంగ్లండులోని మాంచెస్టరులో బుష్ రోలర్ చైనుకు పేటెంటు పొందాడు. నేటి మోటారు సైకిళ్లలో అధికభాగం ఆ కోవకు చెందిన చైనుతోనే నడుస్తున్నాయి. ముందు చక్రం దారి చూపితే, వెనుక చక్రం బండిని తోస్తుంది, ఆపుతుంది, వెనుక కూర్చున్నవారి బరువులో అధికభాగాన్ని మోస్తుంది. ఇన్ని బాధ్యతలు ఒకే ఇరుసుపై ఉన్నందువల్ల దాని అమరికలో దోషానికి తావుండరాదు.

సాధారణంగా మన రోడ్లపై కనిపించే, డ్రమ్ము బ్రేకు గల మోటారు సైకిలునే తీసుకొందాం. చక్రం నడుమనున్న హబ్బులో రెండు ప్రక్కలా బేరింగులుంటాయి. వాటి మధ్య ఒక గొట్టం ఉంటుంది. ఇరుసు నట్టును బిగించినప్పుడు కలిగే ఒత్తిడి ఈ గొట్టం గుండా ప్రసరిస్తుందేగాని, బేరింగు గుండ్లమీద పడదు. బేరింగులు మార్చేటప్పుడు దీనిని మరచిపోతే, నట్టు బిగించేకొద్దీ బేరింగులు నలిగి, వేడెక్కి, త్వరలోనే పాడవుతాయి. హబ్బుకూ, చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే స్వింగ్ ఆర్ముకూ మధ్య వెలుపలి స్పేసర్లుంటాయి. మెకానిక్కులు వీటినే బుష్‌లంటారు. ఆ యువకుని అరుగుమీద మిగిలినది ఇదే. ఇది లేకుండా నట్టు బిగిస్తే స్వింగ్ ఆర్ము లోపలికి వంగుతుంది, లేదా చక్రం ఒక ప్రక్కకు జరిగి చైను వంకరగా నడుస్తుంది.

అందుచేత అమరికకు మొదటి సూత్రం విప్పేటప్పుడే పాటించాలి. తీసిన ప్రతి భాగాన్ని తీసిన వరుసలోనే ఒక గుడ్డమీద పేర్చాలి. ఏ స్పేసరు ఏ ప్రక్కదో గుర్తుంచుకోవాలి. డ్రమ్ములోని ధూళిని నోటితో ఊదరాదు; పాత బ్రేకు లైనింగులలో ఊపిరితిత్తులకు హానిచేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నది. తడిగుడ్డతో తుడవటం క్షేమం. ఇరుసుకు పలుచగా గ్రీజు పూయాలి. అదే గ్రీజు బ్రేకు లైనింగుకు అంటితే బ్రేకు పట్టదు.

ఇక అమరిక. బండిని సెంటర్ స్టాండుపై స్థిరంగా నిలపాలి. హబ్బులోని రబ్బరు దిమ్మెలను వాటి గళ్లలో కూర్చి, స్ప్రాకెట్టు పళ్లచక్రాన్ని వాటిపై నిలపాలి. ఇంజను నుండి వచ్చే కుదుపును ఈ రబ్బర్లే మింగుతాయి. షూలు బిగించిన బ్రేకు ప్లేటును డ్రమ్ములో ఉంచి, చక్రాన్ని స్వింగ్ ఆర్ము నడుమకు చేర్చి, స్ప్రాకెట్టుపై చైను వేయాలి. స్పేసర్లు, చైను సర్దుబాటు పట్టీలు స్వస్థానాల్లో ఉన్నాయని చూచుకొంటూ ఇరుసును నెమ్మదిగా దూర్చాలి. సరిగా వరుసలో ఉన్న రంధ్రాలలోకి ఇరుసు చేతితోనే పోతుంది. సుత్తితో బాదవలసి వచ్చిందంటే ఏదో అడ్డుపడుతున్నదని గ్రహించి ఆగాలి. నట్టును ఈ దశలో వదులుగానే ఉంచాలి.

బ్రేకు ప్లేటును స్వింగ్ ఆర్ముతో కలిపే కడ్డీ ఒకటున్నది. దానిని టార్క్ ఆర్మ్ అంటారు. చూపునకు అల్పమైన ఈ కడ్డీ బ్రేకు నొక్కినప్పుడు డ్రమ్ముతోపాటు ప్లేటు తిరిగిపోకుండా ఆపుతుంది. దీని బోల్టును మరచిపోతే, మొదటిసారి గట్టిగా బ్రేకు వేయగానే ప్లేటు గిర్రున తిరిగి, బ్రేకు కడ్డీని తనతో లాగుకొనిపోయి, చక్రాన్ని బిగదీస్తుంది. పరుగెత్తుతున్న బండిపై అది ఎంతటి ప్రమాదమో ఊహించవచ్చు. కొన్ని నమూనాలలో ఈ కడ్డీ ఉండదు. ప్లేటులోని గాడి స్వింగ్ ఆర్ము మీది దిమ్మెలో ఇమిడి అదే పని చేస్తుంది. ఏ పద్ధతైనా, అది పట్టులో ఉన్నదని కంటితో చూచి నిర్ధారించుకోవాలి.

తరువాత చైను బిగువు. క్రింది వరుస నడుమ చైనును వ్రేలితో పైకీ క్రిందికీ కదిలించినప్పుడు చాలా బండ్లలో 20 నుండి 30 మిల్లీమీటర్ల కదలిక ఉండాలి. ఖచ్చితమైన కొలత ఆ బండి పుస్తకంలో ఉంటుంది. మితిమీరి బిగిస్తే, బండి గుంతలో పడి స్వింగ్ ఆర్ము లేచినప్పుడు చైను మరింత బిగిసి గేరుపెట్టె బేరింగులను దెబ్బతీస్తుంది. మరీ వదులైతే పళ్లమీద నుండి జారి చక్రాన్ని పట్టేయగలదు. సర్దుబాటు పట్టీలు రెండు ప్రక్కలా ఒకే గీతవద్ద ఉండాలి. ఒక ప్రక్క ఒక గీత ముందుంటే ఇరుసు వంకర. ఇరుసు వంకరైతే చక్రం, చైను రెండూ వంకరే. చైను లాకు క్లిప్పు మూసిన కొన, చైను నడిచే దిశవైపు ఉండాలి.

ఇప్పుడు నట్టు బిగింపు. బ్రేకు పెడలును నొక్కి ఉంచి బిగిస్తే షూలు డ్రమ్ము నడుమ సమంగా కుదురుకొంటాయి. బిగింపు బలానికి భౌతికశాస్త్రంలో టార్క్ అని పేరు. 0.3 మీటర్ల పొడవుగల పానా కొనపై 200 న్యూటన్ల బలం ప్రయోగిస్తే 60 న్యూటన్ మీటర్ల టార్క్ ఏర్పడుతుంది. బండి పుస్తకంలో చెప్పిన టార్క్ మేరకే బిగించాలి. తక్కువైతే నట్టు వదులవుతుంది, ఎక్కువైతే మరలు సాగి తెగుతాయి. టార్క్ ఆర్మ్ బోల్టునూ ఈ దశలోనే గట్టిగా బిగించాలి. పూర్వం బండి చక్రం ఇరుసునుండి జారిపోకుండా కడసీల కాపాడేది. నేడు గాడినట్టులో దూర్చే స్ప్లిట్ పిన్ను చేసేది దాదాపు ఆ పనే. నట్టు గాడి, ఇరుసు రంధ్రం ఎదురుబదురు కాకపోతే నట్టును మరికొంచెం బిగించాలేగాని వదులు చేయరాదు. ఒకసారి వంచి తీసిన పిన్నును తిరిగి వాడరాదు.

చైను బిగువుకోసం చక్రం వెనుకకు జరిగితే బ్రేకు కడ్డీ కూడా లాగబడుతుంది. కనుక ముందు చైను, ఆ తరువాతనే బ్రేకు. పెడలుకు తగినంత ఖాళీ కదలిక ఉంచాలి. చక్రాన్ని చేతితో త్రిప్పితే రాపిడి లేకుండా తిరగాలి. పెడలు నొక్కితే వెంటనే ఆగాలి. వదలితే మళ్లీ తిరగాలి. వెనుక దీపం వెలుగుతున్నదో లేదో చూడాలి. తరువాత రద్దీలేని చోట మెల్లగా నడిపి, బ్రేకును పరీక్షించి, తిరిగి వచ్చి, నట్లనూ పిన్నులనూ మరొకసారి చూచుకోవాలి. చేయి తిరగనివారు ఈ పనిని అనుభవజ్ఞుడైన మెకానిక్కు సమక్షంలో నేర్చుకోవటం ఉత్తమం.

లోపం ఉన్నదని తెలిసీ వాహనాన్ని రోడ్డుపై నడపటం మోటారు వాహనాల చట్టం, 1988లోని 190వ సెక్షను ప్రకారం శిక్షార్హం. అయితే మనిషిని జాగరూకునిగా ఉంచవలసినది చట్టభయం ఒక్కటే కాదు. వెనుక కూర్చున్న మనిషి ఇరుసును చూడలేదు, నట్టును పరీక్షించలేదు. ఆమె నమ్మేది బండిని కాదు, దానిని బిగించిన చేతిని.

మూడవనాటి పరీక్షకు చెల్లెలు అన్న బండిమీదనే వెళ్లింది. ఇద్దరి తలలపైనా హెల్మెట్లున్నాయి. అరుగుమీద ఏదీ మిగలలేదు.

కఠిన పదాలు – అర్థాలు

ఇరుసు = చక్రం తిరగటానికి ఆధారమైన కడ్డీ
కడసీల = చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర దూర్చే మేకు
పానా = నట్లు బిగించే, విప్పే పనిముట్టు
జాగరూకుడు = మెలకువ గలవాడు

అభ్యాసం

I. క్రింది ప్రశ్నకు 20 పంక్తులలో సమాధానం రాయండి.
1. వెనుక చక్రాన్ని తిరిగి అమర్చే క్రమాన్ని కారణాలతో వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చైను మితిమీరి బిగిసినా, మరీ వదులైనా కలిగే నష్టాలేవి?
2. టార్క్ ఆర్మ్ ప్రాముఖ్యాన్ని తెలపండి.

III. సందర్భసహిత వ్యాఖ్య రాయండి.
1. బండిలో ఏదీ మిగలదురా.
2. ఆమె నమ్మేది బండిని కాదు, దానిని బిగించిన చేతిని.

IV. ఏకవాక్య సమాధానం రాయండి.
1. బుష్ రోలర్ చైనుకు పేటెంటు పొందినదెవరు?
2. చైను, బ్రేకు – వీటిలో ముందుగా దేనిని సరిచేయాలి?