మద్యము మానిపించుట - నర్సమ్మ పాత్ర

గ్రామములో కల్లు దుకాణము మూయింపవలెనని పంచాయతీ తీర్మానించుట మంచిదే. కాని మూసిన మరునాటినుండి ఏమి జరుగునో ముందుగా ఆలోచించువారు అరుదు. దొంతన్‌పల్లి మొదలుకొని చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల పంచాయతీ సభ్యులు ఈ సంగతి తెలిసికొనియుండుట అవసరము.

2015లో కల్తీకల్లుపై అధికారులు దాడులు జరిపినపుడు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో ఆ కల్లు దొరకక వందలాది జనులు ఆసుపత్రులపాలైరి. అందులో కలుపు క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్‌ప్రజోలాం వంటి మత్తుమందులకు వారి శరీరములు అలవాటుపడియుండుటయే కారణము. సారాకు బానిసలైనవారి స్థితియు ఇంచుమించు ఇట్టిదే. మానిన కొన్ని గంటలకే చేతులు వణకును, చెమటలు పట్టును. తొలి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు కొందరికి లేనివి కనబడి, సంధి ప్రేలాపన కలుగును. దీనిని గాలి సోకుటగా భావించి తాయెత్తులతో కాలము గడిపినచో ప్రాణమే పోవచ్చును.

ఇట్టి రోగిని డాక్టరుగారు చూచి మందు వ్రాసి వెళ్ళుదురు. రేయింబవళ్ళు కనిపెట్టియుండునది నర్సమ్మ. ఈ పనిలో ఆరితేరిన నర్సు వణకును, చెమటను, కలవరమును వేళ తప్పక పరీక్షించి, ఒక్కొక్కదానికి మార్కులు వేయును. మందు మోతాదు ఆ మొత్తమును బట్టియే నిర్ణయమగును. గ్లూకోజు ఎక్కించుటకు ముందుగానైనను, దానితోపాటైనను థయమిన్ అను బి1 విటమిను ఇచ్చినారో లేదో చూచునదియు ఆమెయే. అది మరచిన మెదడు దెబ్బతినవచ్చును.

కాలేయము గట్టిపడి పొట్టలో నీరు చేరినవారికి సేవ దీర్ఘకాలము సాగును. ప్రతిదినము తూకము చూడవలెను, ఉప్పు తగ్గింపవలెను. రోగి పగలు నిద్రించి రాత్రి మేలుకొనుట, మాట తడబడుట మెదడుకు విషము ఎక్కుచున్నదనుటకు గురుతులు. అప్పుడు రోజునకు రెండు మూడు మెత్తని విరేచనములగునట్లు లాక్టులోజు ఇత్తురు. మన ఇండ్లలో పథ్యము పేరిట పప్పు, గ్రుడ్డు మాన్పించి రోగిని మాడ్చుట పరిపాటి. ఇది పొరపాటు. అతనికి మాంసకృత్తులు కావలెను. రాత్రి పరుండుటకు ముందు కొంత ఆహారమును కావలెను. ఈ మాట ఇల్లాలికి ఓపికతో నచ్చచెప్పగలది నర్సమ్మయే.

ఇంగ్లండులో 2019 నాటి ఆరోగ్య ప్రణాళిక, మద్యవ్యసనపు రోగులు అధికముగా వచ్చు ఆసుపత్రులలో ప్రత్యేక బృందములను ఏర్పరుపవలెనని తలపెట్టినది. అట్టి బృందములకు అనుభవముగల నర్సులే ఆయువుపట్టు. మన తెలంగాణలో 2017నుండి నర్సులకు ప్రసూతి సేవలో ప్రత్యేక శిక్షణ ఇచ్చుట ఆరంభమైనది. కాలేయ వ్యాధులకును అట్టి శిక్షణ ఏల ఉండరాదు?

దుకాణము మూయు తేదీని పంచాయతీ ముందుగా పల్లె దవాఖానకు తెలియజేయవలెను. అక్కడి సిబ్బందియు ఆశా కార్యకర్తయు ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పది ప్రశ్నల పట్టికతో ఎవరికి ఎంత వ్యసనమున్నదో తెలిసికొనవచ్చును. ఎక్కువగా త్రాగువారిని ఒక్కసారిగా మాన్పింపక, వైద్య పర్యవేక్షణలో మాన్పింపవలెను. సలహాకు 14446 అను ఉచిత ఫోను కలదు. మూర్ఛ, రక్తపు వాంతి, నల్లని విరేచనము, మతి తప్పుట కనబడినచో పసరు మందులకు పోక 108 వాహనమును పిలువవలెను.

రోగి వెంట వెళ్ళువారు అతడు ఏమి త్రాగెనో, ఎంత త్రాగెనో, చివరిసారి ఎన్ని గంటలకు త్రాగెనో నర్సమ్మకు దాచక చెప్పవలెను. కేసు పెట్టుదురను భయముతో పలువురు దీనిని దాచుదురు. చివరి గ్రుక్క వేళ తెలిసిననే మూర్ఛ ఎప్పుడు రావచ్చునో ఆమె లెక్కకట్టగలదు.