బొగ్గుబాయి పిల్లలకు బీటెక్ రెండో ఏడు

మంథని జేఎన్టీయూ కాలేజీ 2010లో సెంటినరీ కాలనీలో మొదలయ్యాక, కంప్యూటర్ సైన్స్ చదువు గోదావరిఖని గడపదాకా వచ్చింది. రెండో ఏడులోకి వెళ్తున్న మన పిల్లలకు చెప్పాలనుకున్నవి ఇవి.

1. సెలవుల్లోనే మొదటి ఏడు గట్టిగా ఉందో లేదో తట్టి చూసుకో బిడ్డా. గనిలో పని మొదలుపెట్టే ముందు సర్దార్ కర్రతో పైకప్పు కొట్టి చప్పుడు వింటాడు. బోలుగా మోగితే ముందు సపోర్టు, తర్వాతే పని. సీ భాషలో పాయింటర్లు, స్ట్రక్చర్లు పుస్తకం చూడకుండా రాయి. చేయి ఆగిందా, రెండో ఏడు క్లాసులు మొదలయ్యేలోపు వాటిమీదే కూర్చో. డేటా స్ట్రక్చర్స్‌లో లింక్డ్ లిస్టు మొత్తం పాయింటర్ల మీదే నడుస్తుంది.

2. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్. ఇవి గేట్‌లోనూ ఉంటాయి, ఇంటర్వ్యూల్లో తిప్పితిప్పి అడిగేవీ ఇవే. ఈ మూడూ పట్టుబడేదాకా సర్టిఫికెట్ల వెంట పడొద్దు. సార్ చెప్పింది అర్థం కాకపోతే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. పరీక్ష రాస్తేనే ఫీజు.

3. ప్రాజెక్టు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, గనిలో నాన్న మస్టర్లు, అంటే హాజరు లెక్కలు, చాలు. ఉద్యోగులకొక టేబుల్, మస్టర్లకొక టేబుల్ పెట్టు. ఇక చిక్కులు చూడు. రాత్రి 11కు దిగి మర్నాడు పొద్దున 7కు పైకొచ్చిన మనిషి మస్టర్ ఏ తేదీన పడాలి? ప్లేడే, అంటే వారపు సెలవు రోజు, పనికి జీతం లెక్క వేరు, దాన్ని ఎక్కడ రాస్తావు? బదిలీ వర్కర్ జనరల్ మజ్దూర్ అయ్యాడనుకో. పాత హోదా చెరిపి కొత్తది రాశావంటే, నెల కిందటి జీతం మళ్లీ లెక్కేసినప్పుడు కొత్త రేటుతో వస్తుంది. అందుకే హోదా పక్కన ఏ తేదీ నుంచి అన్నది కూడా ఉండాలి. టేబుళ్ల డిజైన్ ఎందుకంత ముఖ్యమో ఇలాంటి లెక్క తప్పినప్పుడు బుర్రకెక్కుతుంది. ఇంటర్వ్యూలో దీని గురించి నువ్వు అరగంట మాట్లాడగలవు.

4. హాజరు 75 శాతం తగ్గనీయకు.

5. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా రెండో ఏట చేరినవాళ్లకు ల్యాబ్ చేయి బాగుంటుంది, లెక్కలే వెనకబడతాయి. ఇంటర్ నుంచి వచ్చినవాళ్లతో జతకట్టండి, ఇద్దరికీ లాభం.

6. నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయితే గనిలో ఉద్యోగం నీకేనన్న మాట ఇంట్లో వస్తుంది. ఆ కొలువు తక్కువదని ఎన్నడూ అనకు, నిన్ను ఇంతదాకా చదివించింది అదే. కానీ మనసు రెండు పడవల మీద పెట్టి సెమిస్టర్ పోగొట్టుకోకు. నాన్నకు ఇంకెంత సర్వీసు ఉందో, రూల్స్ ఏమంటున్నాయో యూనియన్ ఆఫీసులో అడిగి తెలుసుకో. డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగే వీలుంటే, ఆగమని నువ్వే నోరు తెరిచి నాన్నను అడుగు.