బీరువా తాళం, ఈమెయిల్ తాళం

2009లో రాక్‌యూ అనే అమెరికా సంస్థ నుంచి దాదాపు 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువమంది పెట్టుకున్నది 123456. మన ఇళ్లలో ఆ గౌరవం పిల్లల పేరుకో, ఫోన్ నంబరుకో దక్కుతుంది.

ముందు ఈమెయిల్ సంగతి చూసుకోండి. పాస్‌వర్డ్ మరిచిపోయామని నొక్కితే చాలా ఖాతాల కొత్త తాళాలు అక్కడికే వస్తాయి. అందుకే దాని పాస్‌వర్డు మరెక్కడా వాడవద్దు. గొడుగు, రైలు, చింతచెట్టు, లాంతరు వంటి సంబంధం లేని మాటలు నాలుగైదు కలిపితే పొడవూ వస్తుంది, గుర్తూ ఉంటుంది (ఇక్కడ అచ్చయినవి మాత్రం వద్దు!). రెండంచెల ధ్రువీకరణ కూడా పెట్టుకోండి.

మిగతావాటికి బిట్‌వార్డెన్, కీపాస్ వంటి పాస్‌వర్డ్ మేనేజర్లు ఉచితంగానే దొరుకుతాయి. అవి అలవాటు కాని పెద్దలు పుస్తకంలో రాసి బీరువాలో దాచుకున్నా తప్పులేదు. ఫోన్ కవరులో, వాట్సాప్‌లో దాచడమే ప్రమాదం. యూపీఐ పిన్ మాత్రం ఎక్కడా రాయవద్దు. చందా రశీదు కోసమనో, డబ్బు వాపసు ఇస్తామనో ఎవరడిగినా పిన్, ఓటీపీ చెప్పకండి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు.

ఇంటి పెద్ద హఠాత్తుగా పోతే? బ్యాంకులో నామినీ పేరు రాయించండి. గూగుల్ ఖాతాకు ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్‌లో నమ్మకస్తుల పేరు చేర్చండి. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.