ఇంట్లో రోగి ఉన్నప్పుడు మాస్కు వాడకం

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. దానితోపాటే మాస్కునూ చాలామంది అటకెక్కించారు. అయితే మాస్కు కరోనాతో పుట్టినది కాదు. 1897 నాటికే యూరపులో ఆపరేషన్ చేసే డాక్టర్లు ముక్కుకు, నోటికి పలుచని గుడ్డ కట్టుకోసాగారు. 1910-11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగినప్పుడు వు లియెన్ టే అనే డాక్టరు దూది, గుడ్డ పొరలతో మాస్కులు కుట్టించి అందరిచేత కట్టించారు. ఇక మన సంగతి చూస్తే, ఇంట్లో క్షయ రోగి ఉన్న కుటుంబానికి ఇది నేటికీ అవసరమైన వస్తువే.

మందుల షాపులో దొరికే మూడు పొరల మాస్కును ఒకసారి కత్తిరించి చూడండి. నీలం లేక ఆకుపచ్చ రంగులో ఉండే పై పొర తడిని లోపలికి రానివ్వదు. తెల్లని లోపలి పొర మన ఊపిరిలోని తేమను పీల్చుకుంటుంది. అసలు పని చేసేది మధ్య పొర. అందులో చాలా సన్నని ప్లాస్టిక్ పోగులు ఉంటాయి. వాటికి స్థిర విద్యుత్తు ఎక్కించి ఉంటారు కనుక, దువ్వెన కాగితం ముక్కలను లాగినట్లు అవి గాలిలోని సూక్ష్మ కణాలను లాగి పట్టుకుంటాయి. సబ్బునీళ్లలో ఉతికితే ఆ శక్తి పోతుంది. ఆరేసిన మాస్కు చూడడానికి కొత్తదానిలాగే ఉంటుంది గాని, పని మాత్రం చేయదు. కత్తిరించినప్పుడు రెండే పొరలు కనిపిస్తే ఆ రకం మళ్లీ కొనకండి.

పెట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. లోహపు పట్టీ పైకి, రంగు వైపు బయటికి ఉండాలి. జలుబు చేసినవారు తెల్ల వైపు బయటికి పెట్టుకోవాలని కొందరు చెబుతుంటారు, అది వట్టి మాట. పట్టీని ముక్కు దూలం మీద రెండు చేతుల వేళ్లతో అదిమి, మడతలు విప్పి గడ్డం కిందివరకు లాగాలి. కళ్లజోడుకు ఆవిరి పడుతున్నదంటే పైన సందు ఉన్నదన్నమాట. మాట్లాడేటప్పుడు కిందికి లాగడం మనలో చాలామందికి అలవాటు. తుంపర్లు ఎక్కువగా వచ్చేది మాట్లాడేటప్పుడు, దగ్గేటప్పుడే గదా! తడిసిన మాస్కును వెంటనే మార్చాలి. తీసేటప్పుడు ముందు భాగాన్ని ముట్టుకోకుండా చెవి తాళ్లు పట్టుకుని తీసి, మళ్లీ చేతులు కడుక్కోవాలి. రెండేళ్లలోపు పిల్లలకు మాస్కు పెట్టకూడదు, ఊపిరాడక ప్రమాదం.

క్షయ రోగి ఉన్న ఇంట్లో ఎవరికి ఏ మాస్కు అన్నది ముఖ్యం. మూడు పొరల మాస్కు రోగి పెట్టుకోవాలి. అతని దగ్గులోని తుంపర్లను అది చాలావరకు అక్కడే ఆపుతుంది. సేవ చేసేవారికి అది చాలదు, పక్క సందుల నుంచి గాలి లోపలికి వస్తుంది. వారికి ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్-95 రకం మేలు. గడ్డం పెంచినవారికి అది కూడా సరిగా అతుక్కోదు. మాస్కు ఎంత ముఖ్యమో కిటికీలు తెరిచి ఉంచడమూ అంతే ముఖ్యం. మందులు క్రమంగా వాడితే కొద్ది వారాల్లోనే వ్యాప్తి బాగా తగ్గుతుంది. మాస్కు ఎప్పుడు మానవచ్చో డాక్టరు చెబుతారు. ఈలోగా కోడలి కంచం, గ్లాసు వేరు చేసి, మంచం పశువుల కొట్టం పక్కన వేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. క్షయ కంచాల వల్ల గాని, చేయి తాకితే గాని అంటదు, గాలి ద్వారా వస్తుంది. మాస్కు పెట్టుకున్న మనిషి పక్కన గాలి ఆడే చోట కూర్చుని మాట్లాడడానికి భయమెందుకు? రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారెవరైనా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా కళ్లె పరీక్ష చేయించుకోవాలి.

వాడిన మాస్కును వీధిలో విసరకండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ఇచ్చిన సూచన ప్రకారం వాడిన మాస్కును కాగితపు సంచిలో కనీసం 72 గంటలు ఉంచి, ఎవరూ మళ్లీ వాడకుండా కత్తిరించి, పొడి చెత్తలో వేయాలి. చెత్తబండి వెంట వచ్చే మనిషి ఆ సంచిని చాలాసార్లు వట్టి చేతులతోనే విప్పుతాడు. చెవి తాళ్లు కూడా తెంపండి, అవి పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి.